నాగలి పట్టిన చేతితో గ్రామరు

కిందటేడు కెమిస్ట్రీ రికార్డులో ఇంగ్లీషులో ఓ వాక్యం రాశాను. ఉప్పులో యాసిడ్ పోశాను, ‘ఇట్’ను వేడిచేశాను అని దాని అర్థం. దేన్ని వేడిచేశావయ్యా, ఉప్పునా యాసిడ్‌నా అని మాస్టారు అడిగితే నోట మాట రాలేదు. మన ‘అది’ ఆవుకీ సరిపోతుంది, అరుగుకీ సరిపోతుంది. ఆ ధీమాతోనే ‘ఇట్’ని కూడా ఎక్కడపడితే అక్కడ వాడేస్తాం. ఈ చిక్కు విప్పిన ఓ రైతుబిడ్డ ఉన్నాడు.

ఆయన విలియం కాబెట్. 1763లో ఇంగ్లండులోని ఫార్నంలో పుట్టాడు. బడిచదువు దాదాపు లేదు. చేలో పిట్టల్ని తోలాడు, కలుపు తీశాడు, ఎదిగాక నాగలి పట్టాడు. 1784లో సైన్యంలో చేరాడు. రోజుకు ఆరు పెన్నీల జీతం. అక్కడే బిషప్ లౌత్ గ్రామరు సంపాదించి, మొత్తం ఎత్తి రాసుకుని, కంఠతా పట్టి, కాపలా కాసేటప్పుడు వల్లె వేసుకునేవాడు. మంచం అంచే కుర్చీ, ఒళ్లో చెక్కముక్కే బల్ల. కలమో కాగితమో కొనాలంటే అర్ధాకలితో ఉండాల్సిందే.

తర్వాత పత్రిక నడిపాడు. సిపాయిల్ని కొరడాలతో కొట్టించడాన్ని ఖండించినందుకు 1810లో రెండేళ్ల జైలు, వెయ్యి పౌన్ల జరిమానా పడ్డాయి. 1817లో మళ్లీ జైలు తప్పదనిపించి అమెరికా వెళ్లాడు. అక్కడ లాంగ్ ఐలండులో వ్యవసాయం చేసుకుంటూ, కొడుకు జేమ్స్‌కు ఉత్తరాల రూపంలో ఇంగ్లీషు గ్రామరు రాశాడు. 1818లో అచ్చయిన ఆ పుస్తకం సిపాయిల కోసం, నావికుల కోసం, నాగలి దున్నే కుర్రాళ్ల కోసం అని అట్ట లోపలే చెప్పాడు. తర్వాతి కూర్పులో రాజుగారి ప్రసంగంలోని తప్పుల్ని కూడా పాఠాలుగా చేర్చాడు!

సర్వనామాల్లో ఆయనకు బొత్తిగా నమ్మకం లేనిది ‘ఇట్’. ఆ చిన్నమాట రాసే ముందు అది ఏ నామవాచకానికి బదులు నిలబడిందో చూసుకోమన్నాడు. అది తేలకపోతే వాక్యం మార్చాల్సిందే. గేదె దూడను తన్నింది, అది పారిపోయింది అంటే పారిపోయింది గేదా, దూడా? మాట తేలకపోతే మనిషి మొర కూడా తేలదు. పేదవాడి అర్జీ అర్థం కాలేదని పక్కన పడేస్తే అడిగేవాడెవడు? కాబెట్ పట్టుదల అందుకే.

1832లో ఓల్డం నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1835లో కన్నుమూశాడు.

ఇప్పుడు నా రికార్డులో ‘ఇట్’ కనిపిస్తే చాలు, నువ్వెవరి తరఫున వచ్చావని నిలదీస్తున్నాను. పస్తుండి కలం కొనుక్కున్న సిపాయికి వచ్చిన గ్రామరు, హాస్టలు లైటు కింద చదివే మనకెందుకు రాదు మిత్రులారా?