మన ఆబె

నెదర్లాండ్స్‌కి ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. పాడికీ, చలికాలంలో గడ్డకట్టిన కాలువల మీద స్కేటింగ్‌కీ పేరు. వాళ్ల భాష కూడా వేరే, ఫ్రీసియన్. అక్కడ హేరెన్‌వేన్ అనే ఊళ్లో జనాభా 30 వేలు, అటూ ఇటూగా. ఆ ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో సీట్లు దాదాపు 26 వేలు. అంటే మ్యాచ్ రోజు ఊరు ఊరంతా ఇళ్లకి తాళాలేసి వచ్చినా, కొంచెం సర్దుకుంటే పట్టేస్తారు. స్టేడియం పేరు ఆబె లెన్‌స్ట్రా స్టేడియం. ఫాన్ నిస్టెల్‌రోయ్, హంటెలార్ ఇద్దరూ రియల్ మాడ్రిడ్ దాకా పోకముందు ఈ క్లబ్ జెర్సీలో గోల్స్ కొట్టినవాళ్లే. మనలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఆ ఇద్దరి పేర్లూ తెలుసు. స్టేడియానికి పేరిచ్చినవాడి గురించి మాత్రం పెద్దగా తెలీదు. నాకూ మొన్నమొన్నటిదాకా తెలీదు.

ఆబె 1920 నవంబర్ 27న హేరెన్‌వేన్‌లోనే పుట్టాడు. క్లబ్ పుట్టింది కూడా అదే ఏడాది జూలైలో, అప్పటికి వేరే పేరుతో. సినిమా కోసం రాసుకున్నట్టు ఉంది కానీ నిజమే. పదహారేళ్లు వచ్చే వేళకే, 1936లో, పెద్దవాళ్ల టీమ్‌లో ఆడటం మొదలుపెట్టాడు. ఎక్కువగా ఇన్‌సైడ్ లెఫ్ట్, అంటే సెంటర్ ఫార్వర్డ్‌కి ఎడమ పక్కన కొంచెం వెనకగా ఉండే స్థానం. బంతి కాలికి అంటుకున్నట్టు ఉండేది, పైగా గోల్ కొట్టే చెయ్యి, కాదు కాదు, కాలు. మొండి మనిషి అని కూడా పేరు. జాతీయ జట్టులో లెఫ్ట్ వింగ్‌లో ఆడమంటే అతనికి అస్సలు నచ్చేది కాదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. అప్పట్లో నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకోవడం కుదరదు. అందరూ అమెచ్యూర్లే. వారమంతా ఉద్యోగం, ఆదివారం మ్యాచ్. ఆబె కూడా హేరెన్‌వేన్ మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగి. దేశమంతటికీ ఒకే లీగ్ కూడా లేదు. ప్రాంతాలవారీగా ఆడి, ప్రతి ప్రాంతం నుంచీ గెలిచిన జట్లు చివర్లో జాతీయ టైటిల్ కోసం తలపడేవి.

1940 వసంతంలో ఆబె జాతీయ జట్టులోకి వచ్చాడు. అదే ఏడాది మే 10న జర్మనీ సైన్యం దేశంలోకి దిగింది. తర్వాత దాదాపు ఆరేళ్లు నెదర్లాండ్స్ జట్టు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే 19 నుంచి 25 ఏళ్ల మధ్య, ఏ ఆటగాడికైనా కాళ్లలో కరెంట్ ఉండే వయసు మొత్తం, ఆ నారింజ రంగు జెర్సీ లేకుండానే గడిచిపోయింది. క్లబ్ ఆట మాత్రం ఏదోలా నడిచింది. 1942 నుంచి 1951 మధ్య ఉత్తర ప్రాంతం టైటిల్ హేరెన్‌వేన్ 9 సార్లు గెలిచింది. తప్పిపోయింది 1945 ఒక్కటే. ఆ చివరి యుద్ధపు చలికాలంలో దేశం ఆకలితో చచ్చిపోతుంటే పోటీలే జరగలేదు.

ప్రాంతంలో రాజే కానీ జాతీయ టైటిల్ మాత్రం ఎప్పుడూ అందలేదు. దగ్గరికి వెళ్లడం, వెనక్కి రావడం. కానీ ఆ పోటీల్లోనే డచ్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే మ్యాచ్ ఒకటి ఉంది. 1950 మే 7. హేరెన్‌వేన్ సొంత గ్రౌండ్. ఎదురుగా ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ఆయాక్స్. రెండో సగం నడుస్తోంది, స్కోరు ఆయాక్స్ 5, హేరెన్‌వేన్ 1. మనమైతే ఆ టైంలో స్ట్రీమ్ కట్టేసి క్యాంటీన్‌కి పోతాం. అప్పుడు ఒకటి పడింది. ఇంకొకటి పడింది. ఆబె జట్టు వరసగా గోల్స్ ఎక్కిస్తూ పోయి ఆఖరికి 6-5తో గెలిచింది. పెద్ద నగరం నుంచి వచ్చిన జట్టు ఒక పల్లెటూరి లాంటి ఊళ్లో నాలుగు గోల్స్ ఆధిక్యం పోగొట్టుకుని ఇంటికెళ్లింది. నెదర్లాండ్స్‌లో టీవీ మొదలైందే 1951లో, కాబట్టి ఈ మ్యాచ్‌ని ఇంట్లో కూర్చుని చూసినవాడు ఒక్కడూ లేడు. నోటి మాటగా పెరిగిన మ్యాచ్ ఇది. ఇంతా చేసి ఆ ఏడాది జాతీయ టైటిల్ పోయింది లింబుర్గియా అనే ఇంకో జట్టుకి! ఆ సంగతి ఎంతమందికి గుర్తుందో తెలీదు కానీ 6-5 మాత్రం గుర్తుంది.

జాతీయ జట్టులో అప్పుడు ముగ్గురి కూటమి ఒకటి ఉండేది. ఫాస్ విల్కెస్, కీస్ రైవర్స్, ఆబె. బంగారు త్రయం అనేవాళ్లు. విల్కెస్ 1949లో ఇటలీ వెళ్లి ఇంటర్ మిలన్‌లో చేరాడు. రైవర్స్ మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో సెయింట్ ఎతియెన్‌కి వెళ్లాడు. డబ్బు తీసుకుని ఆడినందుకు డచ్ ఫుట్‌బాల్ సంఘం వాళ్లకి జాతీయ జట్టు తలుపు మూసేసింది. ఆబెకీ పిలుపు వచ్చింది, ఇటలీ నుంచే, ఫియొరెంటినా క్లబ్. వెళ్లలేదు.

ఇది చదివినప్పుడు నిజంగా ఆగిపోయాను. మన దగ్గర సెకండియర్ నుంచే ప్యాకేజీ ఎంత, బెంగళూరా, అమెరికానా అనే మాటలు. ఊళ్లో ఉండిపోయాడు అంటే ఏదో ఫెయిలైనట్టే చూస్తాం. ఇక్కడేమో ఒకడు ఫ్లోరెన్స్‌ని కాదనుకుని, ఆవులు మేసే ఊళ్లో మున్సిపల్ ఆఫీసుకి వెళ్తున్నాడు. ఫ్రీస్‌లాండ్ జనం అతన్ని మన ఆబె అని పిలుచుకునేవాళ్లు. ఊరికే పిలవలేదు అనిపించింది. వ్యాసం ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. కానీ కథ ఇక్కడ ఆగదు.

1953 జనవరి 31, ఫిబ్రవరి 1 మధ్య రాత్రి సముద్రం గట్లు తెంచుకుని నెదర్లాండ్స్ నైరుతి భాగాన్ని ముంచేసింది. 1,836 మంది చనిపోయారు. బాధితుల కోసం విదేశాల్లో ఆడుతున్న డచ్ ప్రొఫెషనల్స్ అంతా కలిసి మార్చి 12న పారిస్‌లో ఫ్రాన్స్‌తో ఒక మ్యాచ్ ఆడి 2-1తో గెలిచారు. సంఘం బయటికి నెట్టిన ఆటగాళ్లు వీళ్లు. అది చూశాక, మనవాళ్లకి మనమే జీతం ఎందుకివ్వకూడదు అనే ప్రశ్న ఆపడం ఎవరివల్లా కాలేదు. 1954లో సంఘం దిగొచ్చింది, జీతం తీసుకోవడానికి ఒప్పుకుంది.

అదే 1954లో ఆబె హేరెన్‌వేన్ వదిలాడు. వంద కిలోమీటర్లు దాటిన దూరంలో, జర్మనీ సరిహద్దు పక్కన, బట్టల మిల్లుల నగరం ఎన్‌స్కెడే. అక్కడి స్పోర్ట్‌క్లబ్ ఎన్‌స్కెడేలో చేరాడు. వయసు 33. పద్దెనిమిదేళ్లు ఒకే క్లబ్‌కి ఆడినవాడు! ఊరికి ఎలా ఉండుంటుందో ఊహించుకోవచ్చు. నాకూ మొదట కొంచెం కోపం వచ్చింది, నేనెవర్ని కోప్పడటానికి అన్నది వేరే సంగతి. మళ్లీ ఆలోచిస్తే, పద్దెనిమిదేళ్లు గోల్స్ కొట్టి, కాళ్లలో ఇంకో నాలుగైదేళ్లు మిగిలున్నప్పుడు ఆ పనికి జీతం అడగడంలో తప్పేముంది? ఊరి మీద ప్రేమ ఉంటే జీతం అడగకూడదన్న రూలేమీ లేదు కదా.

నాలుగైదేళ్లు అన్నది కూడా తక్కువే. 1956 మార్చి 14న డ్యుసెల్‌డార్ఫ్‌లో నెదర్లాండ్స్ 2-1తో పశ్చిమ జర్మనీని ఓడించింది. అప్పటికి ప్రపంచ చాంపియన్లు వాళ్లే. రెండు గోల్సూ ఆబెవే, 35 ఏళ్ల వయసులో. యుద్ధం ముగిసి పదకొండేళ్లు కూడా కాలేదు, ఆ గెలుపు డచ్ వాళ్లకి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1958లో లీగ్ టైటిల్ చేతికి అందేదే. ఉట్రెక్ట్ క్లబ్ డాస్‌తో పాయింట్లు సమానమై ప్లేఆఫ్ పెట్టారు. ఎక్స్‌ట్రా టైంలో టోనీ ఫాన్ డెర్ లిండెన్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో అదీ పోయింది. జాతీయ జట్టుకి చివరి మ్యాచ్ 1959లో, 38 ఏళ్లప్పుడు. మొత్తం 47 మ్యాచ్‌లు, 33 గోల్స్. తర్వాతి కాలంలో యోహాన్ క్రైఫ్ కూడా సరిగ్గా 33 దగ్గరే ఆగాడు, 48 మ్యాచ్‌ల్లో. 1960లో అదే నగరంలోని ఎన్‌స్కెడేసె బాయ్స్‌కి మారి, 1963లో ఆట ఆపేశాడు. అప్పటికి 42. రెండేళ్లకి ఆ రెండు క్లబ్బులూ కలిసిపోయి ఎఫ్‌సి ట్వెంటె అయ్యాయి.

1977లో మెదడులో రక్తస్రావమైంది. అక్కణ్నుంచి జీవితం చక్రాల కుర్చీలోనే. 1985 సెప్టెంబర్ 2న హేరెన్‌వేన్‌లో చనిపోయాడు, 64 ఏళ్లు. హేరెన్‌వేన్ మొదటిసారి ఎరెడివిసీకి, అంటే టాప్ లీగ్‌కి ఎక్కింది 1990లో. ఆబె అది చూడలేదు. కొత్త స్టేడియం 1994లో తెరిచారు. బయట అతని విగ్రహం ఉంది. లోపల, మ్యాచ్ మొదలయ్యే ముందు ఫ్రీస్‌లాండ్ గీతం వస్తుంది, నీలం తెలుపు చారల మీద కలువ ఆకులున్న జెర్సీలేసుకుని జనమంతా ఫ్రీసియన్‌లో పాడతారు. దూరం నుంచి చూస్తే ఆ ఆకులు ఎర్రటి గుండెల్లా కనిపిస్తాయి.