తల్లికి తేదీ తెలియని కొడుకు – గాస్

మనలో చాలామంది పుట్టినతేదీ బడిలో చేర్చుకున్న రోజు పంతులుగారు వేసిందే. ఏ పండుగ ముందో, ఏ వానలప్పుడో పుట్టామన్నదే మన అమ్మలకు గుర్తు. గణిత మేధావి కార్ల్ ఫ్రెడరిక్ గాస్ తల్లి డొరోథియా కూడా అంతే. ఆమెకు రాయడం రాదు. ఒక బుధవారం నాడు, ఆరోహణ పండుగకు ఎనిమిది రోజుల ముందు కొడుకు పుట్టాడని మాత్రం గుర్తుంది. ఆ పండుగ ఈస్టర్‌ను బట్టి ఏటా మారుతుంది. పెద్దయ్యాక గాస్ ఈస్టర్ తేదీ కట్టే సూత్రం తయారుచేశాడు. దాని ప్రకారం ఆయన పుట్టింది 1777 ఏప్రిల్ 30.

ఆయన ఊరు జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్. తండ్రి తోటపని, తాపీపని చేసేవాడు. కొడుకు కూడా ఏదో పనిలో కుదురుకుంటే చాలనుకున్నాడు. తల్లి, ఉపాధ్యాయులు పట్టుబట్టి చదివించారు. 1791లో ఆ రాజ్యాన్నేలే డ్యూక్ ఆ బాలుడి తెలివిని చూసి చదువు ఖర్చు భరించాడు. మన స్కాలర్‌షిప్ లాంటిదే. కాని అది ఒక మనిషి దయ, మనది హక్కు. 1806లో యుద్ధంలో గాయపడి డ్యూక్ చనిపోవడంతో ఆ ఆధారం పోయింది. మరుసటి ఏడు గాస్ గట్టింగెన్ ఖగోళశాలలో ఉద్యోగంలో చేరాడు.

1831లో వెబర్ అనే భౌతికశాస్త్రవేత్త ఆయనకు తోడయ్యాడు. 1833లో ఇద్దరూ ఇనుము వాడకుండా ఒక అయస్కాంత పరిశీలనశాల కట్టించారు. దేశదేశాల పరిశీలకులు ఒకే సమయంలో కొలతలు తీసేలా ఏర్పాటు చేశారు. 1839లో గాస్ భూమి అయస్కాంత క్షేత్రాన్ని 24 సంఖ్యల్లో ఇమిడ్చాడు. అందులో భూమి లోపలి నుంచి వచ్చేదెంత, బయటి నుంచి వచ్చేదెంత అని విడదీసే దారి కూడా చూపించాడు.

ఉపగ్రహాలు నేటికీ నడిచేది ఆ దారినే. 1979లో మాగ్‌శాట్, 2000లో చాంప్, 2013లో స్వార్మ్ ఉపగ్రహాలు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఈ క్షేత్రాన్ని కొలిచాయి. అందులోంచి భూగర్భంలోని కరిగిన ఇనుము వల్ల వచ్చేదాన్ని, ఆకాశంలోని విద్యుత్ ప్రవాహాల వల్ల వచ్చేదాన్ని తీసివేస్తే, మిగిలేది భూమి పైపొర రాళ్ళ వంతు. మొత్తం క్షేత్రం పదుల వేల నానోటెస్లాలుంటే, ఆ ఎత్తులో రాళ్ళ వంతు పదుల్లోనే. అంత చిన్న తేడాలతోనే పైపొర పటాలు గీస్తున్నారు. మధ్య ఆఫ్రికాలోని బాంగూయి దగ్గరి పెద్ద తేడా వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది.

డొరోథియా చివరి 22 ఏళ్ళు కొడుకు దగ్గర, ఆ ఖగోళశాలలోనే గడిపింది. చివర్లో చూపు పోయినా గాస్ ఆమెను కనిపెట్టుకునే ఉన్నాడు. ఆ గ్రంథం వెలువడిన 1839లోనే ఆమె కన్నుమూసింది. గాస్ 1855లో మరణించాడు.

రాయడం రాని తల్లి చెప్పిన గుర్తును ఆయన కొట్టిపారేయలేదు, అదే లెక్కకు ఆధారమయింది. ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు మనమూ అమ్మను అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుందాం.