సర్ థామస్ మన్రో (1761–1827)

చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లిలలో స్థిరపడిన మనము సరిహద్దు దాటి అనంతపురము వైపు బంధువుల ఇండ్లకు నిర్భయముగా వెళ్ళివస్తున్నాము. రెండు వందల ఏండ్ల క్రిందట ఆ సీమ అలా లేదు.

గ్లాస్గోలో పుట్టిన మన్రో 1780లో సైనికుడుగా మద్రాసు చేరారు. 1799లో టిప్పు సుల్తాను మరణించాక మైసూరు రాజ్యమును పంచిన కమిషనుకు ఇద్దరు కార్యదర్శులలో ఆయన ఒకరు. 1800లో నిజాము కంపెనీకి వదలిన దత్తమండలములకు ఆయనే ప్రధాన కలెక్టరు. అక్కడ సుమారు 80 మంది పాలెగార్లు సాయుధులైన బంట్లను పోషిస్తూ, ఊళ్ళపై హక్కులు చెప్పుకుంటూ, పల్లెలను దోచేవారు. మన్రో గుడారములలో ఉంటూ ఊరూరా తిరిగి భూమి లెక్కలు తేల్చారు. ఎదిరించినవారిని సైన్యముతో అణచారు, కొందరికి భరణములిచ్చారు. ఆ కాఠిన్యమును కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు.

శాంతి కుదిరినా శిస్తు భారము రైతును వంచింది. పావు వంతు తగ్గించాలని 1807లో మన్రో కోరగా పైవారు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరైన తరువాత ఆయనే శిస్తు తగ్గించారు.

1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. ఆ సీమవారు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. దోపిడి ఆపినందుకే కాదు, రైతు మొర మరువనందుకు కూడా అని మేము తలుస్తాము.