దీపానికి ఆయువు పోసిన లూయిస్ లాటిమర్

మహాత్మా జ్యోతిరావు ఫూలే 1873లో వెలువరించిన 'గులాంగిరి' గ్రంథాన్ని అమెరికాలో నల్లజాతి వారి బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన వారికి అంకితమిచ్చారు. ఆ బానిసత్వం నుండి తప్పించుకున్న తల్లిదండ్రులకు పుట్టి, విద్యుత్ దీపాల రంగంలో పేరు గడించిన లూయిస్ హోవార్డ్ లాటిమర్ జీవితాన్ని ఈ సంచికలో మిత్రులందరికీ పరిచయం చేస్తున్నాం. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ తీసుకోవాలనుకునే వారు దీన్ని తప్పక చదవాలని మా కోరిక.

లాటిమర్ తల్లిదండ్రులు జార్జ్, రెబెకా. వారు 1842లో వర్జీనియా నుండి బోస్టన్‌కు పారిపోయి వచ్చారు. యజమాని వెంటపడి జార్జ్‌ను అరెస్టు చేయించాడు. బానిసత్వాన్ని వ్యతిరేకించే వారు ఉద్యమించి, 400 డాలర్లు చెల్లించి ఆయనకు విముక్తి కలిగించారు. లూయిస్ 1848 సెప్టెంబర్ 4న మసాచుసెట్స్ రాష్ట్రంలోని చెల్సీలో జన్మించారు. ఆయనకు పదేళ్ల వయసులో తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోవడంతో చదువు ఆగిపోయింది.

1864లో అంతర్యుద్ధం జరుగుతుండగా 16 ఏళ్లకే నౌకాదళంలో చేరారు. యుద్ధం ముగిశాక బోస్టన్‌లోని ఒక పేటెంట్ న్యాయవాదుల ఆఫీసులో వారానికి 3 డాలర్ల జీతానికి ఆఫీసు బాయ్‌గా కుదిరారు. అక్కడ యంత్రాల పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ చేతులను గమనించేవారు. కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ డ్రాయింగ్ పరికరాలు కొని సొంతంగా సాధన చేశారు. ఒకనాడు ధైర్యం చేసి తానూ ఒక పటం గీస్తానని అడిగారు. ఆయన పనితనం చూసి యాజమాన్యం డ్రాఫ్ట్స్‌మన్‌గా అవకాశమిచ్చింది. కొన్నేళ్లలోనే ఆ విభాగానికి ప్రధానుడయ్యారు. 1876లో గ్రాహంబెల్ టెలిఫోన్ పేటెంట్‌కు పటాలు గీసింది కూడా ఆయనే.

1880లో హైరమ్ మాక్సిమ్ కంపెనీలో చేరాక విద్యుత్ దీపం ఆయన రంగమైంది. బల్బును లాటిమర్ కనిపెట్టారని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. స్వాన్, ఎడిసన్ మొదలైన వారు అప్పటికే బల్బులు తయారుచేశారు. కానీ బల్బులోని కార్బన్ ఫిలమెంట్ కొలిమిలో కాల్చేటప్పుడు వంకర పోయేది, విరిగేది. ఫిలమెంట్ ముక్కలను అట్ట కవర్లలో ఉంచి కాలిస్తే అవి ఆకారం చెడకుండా వస్తాయని లాటిమర్ చూపారు. ఈ పద్ధతికి 1882 జనవరిలో పేటెంట్ లభించింది. తర్వాత కాలంలో టంగ్‌స్టన్ వచ్చి కార్బన్ స్థానాన్ని ఆక్రమించింది.

ఆయన గదిలో కూర్చుని పటాలు గీయడంతో ఆగలేదు. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, మాంట్రియల్ నగరాల్లో దీపాలు అమర్చే పనులను దగ్గరుండి చూశారు. మాంట్రియల్ కార్మికులది ఫ్రెంచి భాష. వారికి పని చెప్పడం కోసం ఆయన ఫ్రెంచి నేర్చుకున్నారు. తర్వాత ఎడిసన్ సంస్థలో చేరి, పేటెంట్ కేసుల్లో నిపుణుడిగా సాక్ష్యం చెప్పారు. 1890లో ఎడిసన్ దీపాల వ్యవస్థను వివరిస్తూ ఒక పుస్తకం రాశారు. 1918లో ఏర్పడిన 'ఎడిసన్ పయనీర్స్' స్థాపక సభ్యుల్లో ఆయన ఒక్కరే నల్లజాతీయుడు. వలస వచ్చిన కార్మికులకు డ్రాయింగు, ఇంగ్లీషు కూడా బోధించారు. 1928 డిసెంబర్ 11న కన్నుమూశారు. న్యూయార్క్‌లోని ఆయన ఇల్లు తర్వాత మ్యూజియం అయింది.

మిత్రులారా! ఈ జీవితం నుండి మనం గ్రహించవలసింది ఒకటుంది. లాటిమర్ పని నేర్చుకోవడమే కాక, ఆ పని ఎందుకలా చేయాలో కూడా తెలుసుకున్నారు. ఎలక్ట్రీషియన్‌కు ఈ 'ఎందుకు' ప్రాణంతో సమానం. ఇంట్లో దీపాలను శ్రేణి సంధానంలో కలిపితే ఒకటి పోగానే అన్నీ ఆరిపోతాయి. అందుకే ఎడిసన్ వ్యవస్థలో సమాంతర సంధానం వాడారు, నేటికీ మన ఇళ్లలో అదే పద్ధతి. ఫ్యూజు తీగ సన్నగా ఉండేది కరెంటు ఎక్కువైతే ముందు తానే కాలిపోయి వైరింగును కాపాడడానికే. ఫ్యూజు పోయిందని మందపాటి రాగి తీగ చుడితే దీపం వెలుగుతుంది, కానీ గోడలోని వైరు వేడెక్కి ఇల్లే అంటుకోవచ్చు. మెయిన్ ఆపకుండా, టెస్టర్‌తో చూడకుండా వైరు ముట్టుకుంటే ఒక్క క్షణంలో ప్రాణం పోతుంది. మన ఊళ్లలో ఇలా పోయిన వారు మనందరికీ తెలుసు.

ఇంజనీరింగ్ సీటు రానివాడే వైర్‌మన్ అవుతాడని చిన్నచూపు చూసేవారున్నారు. మేము అలా అనుకోవడం లేదు. చదువు మధ్యలో ఆగిపోయిన లాటిమర్ సెకండ్ హ్యాండ్ పరికరాలతో మొదలుపెట్టి, తన రంగంలోని వారికి పుస్తకం రాసే స్థాయికి ఎదిగారు. మనకు హాస్టల్ ఉంది, పుస్తకాలున్నాయి, చెప్పే గురువులున్నారు. చేతిలో టెస్టర్ పట్టే ప్రతి మిత్రుడూ మరో చేత పుస్తకం కూడా పట్టాలని కోరుకుంటున్నాం.