సవర పిల్లల కోసం సవర నేర్చిన పంతులు

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటితే పర్లాకిమిడి వస్తుంది. ఈనాడు ఆ వూరు ఒడిశాలో వుంది గానీ 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో వుండేది. ఆ వూరి బడిలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన పంతులుగారే గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా ఆయన పేరు అందరికీ తెలుసు. కొండల్లోని సవర పిల్లలకు ఆయన పెట్టిన బడుల సంగతి తెలిసినవారు తక్కువ.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయన విషజ్వరంతో కన్నుమూయడంతో రామమూర్తిగారు విజయనగరంలో మేనమామ ఇంట వుండి మహారాజావారి బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతంపై పంతులుగా చేరారు.

పట్నానికి వచ్చిపోయే సవరలను ఆయన గమనించారు. వారి మాట పట్నంలో ఎవరికీ తెలియదు. పట్నం మాట వారికి అర్థం కాదు. వారికి చదువు చెప్పాలంటే ముందు తానే వారి భాష నేర్చుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు. రెండు భాషలూ వచ్చిన సవర ఒకరిని ఇంట్లోనే పెట్టుకొని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. అంతవరకు రాతలో లేని ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవర మాటల్లోనే పాఠాలు చెప్పించారు.

ఈ పనికి ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. కొండల్లో తిరుగుతూ మలేరియా బారిన పడ్డారు. అందుకు వాడిన క్వినైను వల్ల చెవులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. మాటల వెంట తిరిగిన మనిషికి మాట వినిపించకుండా పోయింది. అయినా పని ఆపలేదు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదునిచ్చింది. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది. సవర నిఘంటువు కూడా ఆయన కృషే.

సవర బడికి వర్తించిన న్యాయమే తెలుగు బడికీ వర్తిస్తుందని ఆయన గ్రహించారు. తెలుగు పిల్లవాడి చేత ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికం వల్లె వేయించడం కూడా పరాయి భాషలో చదువు చెప్పడం వంటిదే. 1911లో ఉద్యోగ విరమణ చేశాక ఆయన ఈ వాదనతోనే ఊరూరా తిరిగారు. పండితులు ఎదిరించినా వెనక్కి తగ్గలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు.

1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు నిరసనగా ఆ వూరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన పుట్టిన రోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గిరిజన పిల్లలకు వారి మాతృభాషలో పాఠాలు చెప్పే కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైంది. అందులో సవర కూడా చేరింది. ఆ పనిని రామమూర్తిగారు అంతకు సుమారు వందేళ్ల ముందే సొంత ఖర్చుతో చేసి చూపించారు. పిల్లవాడికి పాఠం అర్థం కాకపోతే తప్పు పిల్లవాడిది కాదని మన జిల్లా పంతులుగారు తన బ్రతుకుతో నేర్పిపోయారు.