బ్రౌను దొరగారు కనుగొనిన కవిత్వము

మా పాఠశాల గ్రంథాలయమున కావ్యములు ఒక బీరువాలోను, నిఘంటువులు వేరొక బీరువాలోను, దేశాచారములను దెలుపు గ్రంథములు మూలనున్న అరలలోను ఉంచబడి యున్నవి. కవిత్వము కావలసినవారు మొదటి బీరువా కడకే పోవుదురు. మేమును చిరకాలము అట్లే చేసితిమి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి చరిత్రము చదివిన పిమ్మట తక్కిన బీరువాలను సైతము తెరచుట మాకు అలవాటయ్యెను.

దొరగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ గురువులు, విద్వాంసులు. 1812లో ఆయన గతింపగా కుటుంబము ఇంగ్లాండునకు పోయెను. కుమారుడు అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదివి, కుంపిణీ కొలువున జేరి, 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు అభ్యసించెను. 1820లో కడపయందును, రెండేండ్లకు మచిలీబందరునందును ఉద్యోగమయ్యెను.

బందరులో నుండగా, 1824వ సంవత్సర ప్రాంతమున, డుబోయి యను ఫ్రెంచి గురువు హిందువుల ఆచార వ్యవహారములను గూర్చి రచించిన గ్రంథము దొరగారి చేత బడెను. అది కావ్యము కాదు. పెండ్లిండ్లు, ఉపవాసములు, అంత్యక్రియలు మున్నగువానిని వివరించు వచన గ్రంథము. అందు వేమన యను కవి ప్రస్తావన కలదు. వేరొకరైనచో పుట త్రిప్పి సాగిపోయి యుందురు. వీరు అచ్చటనే నిలిచి, ఆ కవి పద్యములకై వెదక నారంభించిరి.

వేమన పద్యములు పల్లెజనుల నోళ్ల నాడుచుండెనే కాని, పండితులు వానిని గౌరవింపకుండిరి. వాడుక మాటలు, చిన్న ఆటవెలదులు, కులాచారములను నిర్భయముగా ఎత్తిపొడుచుట, ఇవి వారికి రుచింపలేదు. తాటాకు ప్రతులు దొరకినను ఒకదానిలోని పద్యము మరియొకదానిలో లేదు. వ్రాయసగాండ్ర తప్పులకు లెక్కయే లేదు. దొరగారు పెక్కు ప్రతులను తెప్పించి, సరిపోల్చి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించిరి. 1839 నాటి రెండవ కూర్పున అవి 1164 ఆయెను. వీనిలో ఏవి వేమనవో, ఏవి పరులు చేర్చినవో నేటికిని పూర్తిగా తేలలేదు. కూర్పు నిర్దోషమని మేమనజాలము. కాని ఆ పనికి అప్పుడు పూనుకొనినవారు వీరే.

తరువాత కడపలో తోటతో గూడిన బంగళా కొని, పండితులను, వ్రాయసగాండ్రను సొంత జీతముతో పోషించిరి. జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యతో మనుచరిత్రమును 1851లో వెలువరించిరి. అంత ప్రౌఢకావ్యముపై శ్రమించినవారే ద్విపదలను, తాతాచార్యుల కథలను సైతము అదే శ్రద్ధతో ప్రతి చేయించిరి. మాకు మిక్కిలి నచ్చిన గుణ మిదియే.

1833లో గుంటూరు సీమను ఘోరమైన కరవు పీడించెను. పై యధికారులు దానిని కొరత యని యనుచుండగా, వీరు కరవనియే వ్రాసిరి. మాటను తూచి వాడుట నేర్చినవారికి అది సహజము. 1834లో కొలువు పోగా, వీరు ఇంగ్లాండునకు మరలిరి. అచ్చటను ఊరకుండలేదు. కుంపిణీవారి గ్రంథాలయమున మూలబడియున్న 2106 దక్షిణదేశ లిఖిత గ్రంథములను కనుగొని, చెన్నపట్టణమునకు పంపించిరి.

వారి తెలుగు నిఘంటువు 1852లో వేపేరి క్రైస్తవ జ్ఞాన సంఘమువారి ముద్రాలయమున అచ్చయ్యెను. బాలురు దీనిని అర్థములకై మాత్రమే తెరచుట మేము చూచుచుందుము. కాని పదము ప్రక్క కవుల ప్రయోగములు కలవు. మహాభారతము, వసుచరిత్రము, వేమన పద్యములు ఒకే పుటలో ఇరుగుపొరుగున నుండును. సంతలోని మాటలకును అందు చోటున్నది. ఒక పదము వెదకబోయి అరగంట సేపు చదువుచు కూర్చుండిన దినములు మాకు కలవు.

1855లో దొరగారు స్వదేశమునకు వెడలి, పిదప లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులైరి. 1884 డిసెంబరు 12వ తేదీన కాలధర్మము నొందిరి. సేకరించిన తాటాకులు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున కలవు. కడపలో బంగళా యుండిన స్థలమున వారి పేర గ్రంథాలయము వెలసినది. మా బీరువాలోని నిఘంటువునకు అట్ట ఊడిపోగా, ఈ యేడు క్రొత్త అట్ట కట్టించి, కావ్యముల ప్రక్కన పెట్టించితిమి.