హింగణే గుడిసెలో కర్వేగారి బడి

మన బడి అద్దె పెంకుటింట్లోంచి ఊరి చివర సొంత స్థలానికి మారినప్పటి ముచ్చట్లు ఈ సంచికలో చాలామంది రాస్తారు. అందుకని నేను మరో బడి గురించి రాస్తున్నాను. ఉద్యోగరీత్యా పుణేలో ఉన్న రోజుల్లో కర్వేనగర్ మీదుగా సైటుకు వెళ్లేవాణ్ణి. ఆ పేరు ఎవరిదని ఆరా తీస్తే ఈ కథ తెలిసింది.

ధోండో కేశవ కర్వే 1858లో కొంకణ ప్రాంతంలో పుట్టారు. పెరిగింది మురుడ్ అనే పల్లెలో. కుర్రతనంలో ఒక పరీక్ష కోసం వంద మైళ్లకు పైగా నడిచి సతారా వెళ్తే, మనిషిని చూసి పదిహేడేళ్లు నిండినట్టు లేవంటూ తిప్పి పంపేశారు. అయినా చదువు వదల్లేదు. 1884లో లెక్కల్లో పట్టా పుచ్చుకుని, 1891లో ఫెర్గూసన్ కాలేజీలో లెక్కల మాస్టారయ్యారు.

అదే ఏడు భార్య పోయారు. 1893లో, పండిత రమాబాయి శారదా సదన్‌లో చదువుకున్న వితంతువు గోదూబాయిని పెళ్లాడారు. మన రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి పన్నెండేళ్లు. అక్కడ పడ్డ కష్టాలే ఇక్కడా పడాల్సి వచ్చింది. మురుడ్ ఊరు కర్వేగారిని వెలివేసింది.

1896లో వితంతువుల కోసం పుణేలో ఆశ్రమం పెట్టారు. ఊళ్లో ప్లేగు తగులుకోవడంతో 1900లో దాన్ని ఊరి బయట హింగణేకి మార్చారు. దాత ఇచ్చిన స్థలంలో ఒక్క గుడిసె, అంతే. మాలాంటి ఇంజనీర్లం స్థలం చూడగానే దారేది, నీళ్లేవి అని అడుగుతాం. అక్కడ వానాకాలంలో దారంటే బురదే. కాలేజీలో పాఠాలు చెప్పడం, ఆ బురదలో నాలుగు మైళ్లు నడిచి హింగణే చేరడం, అక్కడి ఆడపిల్లలకు చదువు చెప్పడం. ఏళ్ల తరబడి ఇదే ఆయన దినచర్య. నాకైతే ఆ తర్వాత వచ్చిన బిరుదులన్నిటికంటే ఈ నడకే పెద్దదనిపిస్తుంది.

ఇంకొక సంగతి. తాను వితంతువును పెళ్లాడిన మనిషే అయినా, ఆశ్రమంలో మాత్రం పునర్వివాహం ఊసు ఎత్తలేదు. పెళ్లిమాట వస్తే తల్లిదండ్రులు పిల్లల్ని పంపరు. ముందు చదువు, తమ కాళ్ల మీద తాము నిలబడటం; మిగతాది వాళ్ల ఇష్టం. దీన్ని కొందరు వెనకడుగు అనుకోవచ్చు. పిల్లలు లేకపోతే బడే లేదు కదా!

మరదలు పార్వతీబాయి అఠవలే కూడా వితంతువే. అక్కడే చదువుకుని, ఆ సంస్థకే పనిచేసి, చందాల కోసం అమెరికా దాకా వెళ్లారు. 1907లో పెళ్లికాని ఆడపిల్లలకూ మహిళా విద్యాలయం మొదలైంది. జపాన్‌లోని మహిళా విశ్వవిద్యాలయం గురించి చదివిన కర్వేగారు 1916లో మన దేశంలోనూ అలాంటిది స్థాపించారు. బోధన మాతృభాషలో. 1920లో విఠల్‌దాస్ ఠాకర్సీ పదిహేను లక్షలు ఇవ్వడంతో అది నిలదొక్కుకుంది. తర్వాత దాని కేంద్రం బొంబాయికి మారింది.

1958లో నూరేళ్ల వయసులో భారతరత్న అందుకున్నారు. 1962 నవంబరు 9న కన్నుమూశారు. 1991లో అదే కర్వేనగర్‌లో ఆయన సంస్థ ఆడపిల్లల కోసం ఇంజనీరింగ్ కాలేజీ తెరిచింది. అక్కడ చదువుకున్న ఇద్దరు అమ్మాయిలు పుణేలో నా సైటులోనే పనిచేసేవారు.